నంగలి తెలుగు, స్పానిషు ద్వితీయ

ముళబాగిలు నుండి పలమనేరు పోవు రాజమార్గమున, కన్నడ దేశపు తుది వాకిలివలె నిలిచిన గ్రామము నంగలి. హొయసల విష్ణువర్ధనుని శాసనములలో అతని రాజ్యమునకు తూర్పు ఎల్లగా పేర్కొనబడిన నంగలి యిదియే. తొమ్మిది వందల యేండ్ల క్రిందట ఎల్లయై యుండిన ఊరు నేటికిని ఎల్లగానే యున్నది. 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీన భాషలనుబట్టి రాష్ట్రము లేర్పడినప్పుడు, ఇండ్లలో తెలుగు మాటాడువారు అధికముగా నున్నను, కోలారు జిల్లా మైసూరు రాష్ట్రముననే నిలిచినది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమైనది. కావున మా ప్రాంతపు బిడ్డ తల్లి యొడిలో తెలుగును, బడిలో కన్నడమును, బంగారు గనుల వైపు బంధువులుండినచో తమిళమును వినుచు పెరుగును. తెలుగు మాట నోట నుండును. తెలుగు అక్షరము చేతికి రాదు. మా తండ్రిగారు ఇంట కూర్చుండబెట్టి దిద్దించినందున నాకు వచ్చినది గాని, నా తోడి పిల్లలలో పలువురికి రాలేదు.

ఇట్టి ఎల్లతెలుగును విని నవ్వువారు కలరు. ‘అది తెలుగు కాదు, కన్నడము కాదు, దానికొక వ్యాకరణము లేదు’ అని చెప్పినవారిని నేను పలుమారు విన్నాను. మాటలు కొన్ని కన్నడము నుండి వచ్చినవే, యాస వేరే. కాని వ్యాకరణము మాటల మూటలో నుండునది కాదు, మాటకు మాటకు నడుమ నుండు సంబంధములో నుండునది. ఎవరు చేసిరి, ఎవరిని చేసిరి, ఎవరికి చేసిరి అను మూడింటిని కలగాపులగము చేయక చెప్పగల భాషకు వ్యాకరణము లేదనుట యెట్లు? ఈ సంగతి నాకు స్పష్టముగా బోధపడినది తెలుగు చదువుకొన్నప్పుడు కాదు, మిక్కిలి దూరపు భాషయైన స్పానిషు చదువుకొన్నప్పుడు.

నేను బడిలో కన్నడము బోధించి, ఉద్యోగ విరమణానంతరము బెంగళూరున సాయంకాలపు తరగతులలో స్పానిషు నేర్చుకొంటిని. ఈ వయసున దాని ప్రయోజనమేమని మిత్రులు పరిహాసము చేసిరి. 1605లోను 1615లోను రెండు భాగములుగా వెలువడిన సెర్వాంతెసు గారి ‘దోన్ కిహోతె’ను మూలమున చదువవలెనన్న కోరిక తప్ప వేరు ప్రయోజనము నాకు నిజముగా లేదు. ప్రయోజనము తరువాత దానంతట అదే వచ్చినది.

మా తమ్ముని మనుమరాలు తన పదునొకండవ యేట నంగలి విడిచి, తల్లిదండ్రులతో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునకు పోయినది. అక్కడి బడిలో ఆమెకు స్పానిషు ఒక పాఠ్యాంశము. స్పానిషు నేడు ఇరువది దేశములలో అధికార భాష; దానిని మాతృభాషగా గలవారు ఇంచుమించు ఏబది కోట్లమంది; టెక్సాసులో వీధి వీధిన వినబడు భాష. ఆ పిల్ల తక్కిన పాఠములలో చురుకైనదే గాని, ఒక్క విషయమున మాటిమాటికి తప్పులు వ్రాయుచుండెను. ఆ విషయము కర్మస్థానమున వచ్చు సర్వనామములు. మన పరిభాషలో చెప్పవలెనన్న ద్వితీయా విభక్తి సర్వనామములు. పిల్ల తల్లిదండ్రులతో ఎవరో, ‘ఇంట మీరు వేరు భాష మాటాడుటచేతనే ఈ చిక్కు, అది మాని ఇంగ్లీషే మాటాడుడు’ అని హితవు చెప్పిరట. వారును వెనుకముందాడుచు ఇంట తెలుగు తగ్గించిరి. ఈ మాట మా తమ్ముడు నాతో చెప్పినప్పుడు అతని గొంతు తడబడెను. ఏలననగా నంగలిలోనున్న అతని భార్యకు, అనగా ఆ పిల్ల అవ్వకు, తెలుగు తప్ప వేరు మాట లేదు. సంతలో బేరమాడుటకు చాలునంత కన్నడము మాత్రము కలదు. పిల్ల నోట తెలుగు ఎండిపోయినచో అవ్వకు మనుమరాలు చిత్రపటములోని బొమ్మయే. స్పానిషు వ్యాకరణములోని చిన్న అధ్యాయ మొకటి ఒక ఇంటిలో ఇంత పని చేయగలదని నేనెన్నడు తలపలేదు.

పిల్ల వ్రాసిన కాగితములు తెప్పించి చూచితిని. చూచినంతనే ఆ హితవు చెప్పినవారి మాటలో సగము నిజమున్నదని ఒప్పుకొనక తప్పలేదు. తప్పు నిజముగా తెలుగు వలననే వచ్చినది. అది ఎట్లో చెప్పెదను.

‘పుస్తకము తెచ్చితివా?’ అని మన మడిగినచో, ‘తెచ్చితిని’ అని బదులు వచ్చును. తెచ్చినవాడెవడో ‘తిని’ అను క్రియాంతము చెప్పుచున్నది. తేబడినది ఏదో ప్రశ్నలోనే యున్నది. కావున రెంటిని మరల చెప్పము. ‘నేను దానిని తెచ్చితిని’ అనినచో కోపముతో ననినట్లో, న్యాయస్థానమున సాక్ష్యము పలికినట్లో యుండును. కన్నడమునను ఇంతే: ‘పుస్తక తందెయా?’ అనినచో ‘తందె’ అందురు. స్పానిషున ఇదే ప్రశ్న ‘త్రాహిస్తె ఎల్ లీబ్రో?’ అని యుండును. దానికి మా పిల్ల ‘సీ, త్రాహె’ అని వ్రాసినది. అనగా ‘ఔను, తెచ్చితిని’. తెలుగు హృదయమునకు అది నిండు వాక్యము. స్పానిషు చెవికి అది కాలు విరిగిన వాక్యము. అక్కడ ‘సీ, లో త్రాహె’ అనవలెను. ‘లో’ అనగా ‘దానిని’. (మనకు ‘లో’ యనగా లోపల, ఈ పోలిక యాదృచ్ఛికము.)

ఇచ్చట మూడు భాషలను ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెను. ఇంగ్లీషు కర్తను చెప్పును, కర్మను చెప్పును. రెంటిలో దేనిని విడువదు. స్పానిషు కర్తను విడుచును, కర్మను విడువదు. తెలుగు రెంటిని విడువగలదు. ‘త్రాహె’ అను క్రియలోనే ‘నేను’ అణగియున్నది. ఈ విషయమున స్పానిషు మన తట్టున నున్నది. అందుచేతనే మా పిల్లకు అది చుట్టపు భాషగా తోచినది. కర్తను విడిచిన చనువుతో కర్మను కూడ విడిచినది. తెలియనితనముచే చేసిన తప్పు కాదది. ఒక చక్కని వ్యాకరణమును తెలిసియుండుటచే చేసిన తప్పు.

కర్మను స్పానిషు ఎన్నడును విడువదనుట గూడ సరి కాదు. ‘రొట్టె కొంటివా?’ అని, ఏ రొట్టెయో నిర్ణయింపక అడిగినచో, ‘కొంటిని’ అని ఊరకయే చెప్పవచ్చును. నిర్ణీతమైన వస్తువు, ఇద్దరికి తెలిసిన వస్తువు అయినప్పుడే ‘లో’ కావలెను. కావున నేను పిల్లకు వ్రాసిన మొదటి ఉపదేశ మిది: ‘అమ్మా, క్రియ పలుకుటకు ముందు ఒక్క క్షణ మాగి, దేనిని? ఎవరిని? అని తెలుగున నిన్ను నీవే అడుగుము. దానిని, వానిని, ఆమెను అని ఉత్తరము వచ్చినచో, మన మింట దానిని మ్రింగివేసినను, అక్కడ ఉమ్మివేయవలెను.’ ఆ పోలికకు పిల్ల నవ్వినదట, కాని మరువలేదు.

ఇక రెండవ చిక్కు. స్పానిషున ‘వానిని’ అనుటకు ‘లో’, ‘ఆమెను’ అనుటకు ‘లా’, బహువచనమున ‘లోస్’, ‘లాస్’. కాని ‘వానికి’, ‘ఆమెకు’ అనవలసినచోట రెంటికిని ‘లే’, బహువచనమున ‘లేస్’. ఇంగ్లీషు ద్వారమున ఈ భాషలోనికి ప్రవేశించువారు ఇచ్చటనే తడబడుదురు. ఏలననగా ఇంగ్లీషున ‘ఆమెను’, ‘ఆమెకు’ అను రెంటికి ఒక్కటే మాట. తెలుగు బిడ్డకు ఈ భేదము పాలతో వచ్చినది. ‘ఆమెను చూచితిని’ అనుటకు మారుగా ‘ఆమెకు చూచితిని’ అని మూడేండ్ల పిల్లయు అనదు. చూచితిని అనినచో ‘లా బి’. ఇచ్చితిని అనినచో ‘లే ది’. ని, ను అను ప్రత్యయములు పలికినచోట ‘లో, లా’. కి, కు పలికినచోట ‘లే’. ఇంతకంటె సులువైన కొలబద్ద ఏ పాఠ్యపుస్తకమునను నాకు కానరాలేదు.

కొలబద్ద పది తావులలో తొమ్మిదింట సరిపోవును. పదియవ తావును దాచుట న్యాయము కాదు. మనము ‘అతనిని అడిగితిని’ అందుము. స్పానిషువారు ‘లే ప్రెగుంతె’ అందురు. వారి లెక్కలో అడుగబడినది ప్రశ్న. మనిషి ఆ ప్రశ్న చేరిన తావు. మనము ‘అతనికి సహాయము చేసితిని’ అందుము. వారు ‘లో అయుదె’ అనుట సర్వసాధారణము. మనము ‘ఆమెకొరకు ఎదురుచూచితిని’ అందుము. వారు ‘లా ఎస్పెరె’ అందురు. ఇట్టివానిని చిన్న పట్టికగా వ్రాసి గోడకు అంటించుకొనుమంటిని.

దీనికి బదులుగా మరొక తావున స్పానిషు మనతో ఎంతగా కలియునో చూడుడు. ‘నేను మామిడిపండును ఇష్టపడుదును’ అని మన పల్లెలలో ఎవ్వరనరు. ‘నాకు మామిడిపండు ఇష్టము’ అందురు. స్పానిషున ‘మే గుస్తా ఎల్ మాంగో’. ‘మే’ అనగా ఇచ్చట ‘నాకు’, పండే కర్త. ఇంగ్లీషు తలతో చదువు పిల్లలు దీనిని తలక్రిందుల వాక్యమందురట. మా పిల్లకు అది నిటారుగా నిలిచిన వాక్యము.

ప్రాణముగల వానికి, లేని వానికి నడుమ మన భాష పాటించు భేదము గూడ అక్కడ కలదు. ‘పుస్తకము తెచ్చితిని’, ‘నీళ్ళు తోడితిని’ అందుము; వస్తువునకు ద్వితీయా ప్రత్యయము లేకున్నను వినువానికి సందేహము లేదు. ‘ఆవును తోలితిని’, ‘తమ్ముని పిలిచితిని’ అనునప్పుడు ప్రత్యయము కావలెను. చిన్నయసూరి 1858 నాటి తన బాలవ్యాకరణమున జడపదములకు ద్వితీయ స్థానమున ప్రథమ విరివిగా వచ్చునని సూత్రీకరించినది ఈ సంగతినే. స్పానిషున ‘ఇంటిని చూచుచున్నాను’ అనుటకు ‘బేఓ లా కాసా’. ‘హువానును చూచుచున్నాను’ అనుటకు ‘బేఓ ఆ హువాన్’. మనిషి కర్మయైనప్పుడు ‘ఆ’ అను చిన్న మాట ముందు వచ్చును, ఇంటికి రాదు. ఒకటి లాటిను సంతతి, ఒకటి ద్రావిడ సంతతి, నడుమ మహాసముద్రములు. అయినను చూడబడినది మనిషియా, వస్తువా అను విచారము రెంటిలోను వ్యాకరణములోనికి దిగినది. పారసీకము, తుర్కీ మొదలగు మరికొన్ని భాషలలోను ఇట్టి కర్మభేదము కలదనియు, 1980 తరువాతి దశకమున భాషాశాస్త్రజ్ఞులు దీనికొక ప్రత్యేక నామము పెట్టి పరిశీలించుచు వచ్చిరనియు తెలిసినప్పుడు, మా నంగలి సంతలో పలుకు ‘ను’ కారము నాకు కొత్త గౌరవముతో వినబడెను.

అయితే ఆ ‘ఆ’ యే చతుర్థికి గూడ వచ్చును. ‘మరియాను చూచితిని’ అన్నను, ‘మరియాకు ఇచ్చితిని’ అన్నను పేరు ముందు ‘ఆ’ యే. చూచువానికి రెండు నొకటే. అచ్చట సర్వనామము పెట్టవలసినప్పుడు ‘లా’ యా, ‘లే’ యా అని తేల్చునది మరల మన ను, కు లే.

లింగము విషయమున మాత్రము తెలుగు బిడ్డ కొత్తగా నేర్వవలసినది కలదు. మనకు ఏకవచనమున పురుషుడు మహత్తు. తక్కిన సర్వము, స్త్రీయు వస్తువును, క్రియాంతమున నొక్కటే. ‘అక్క వచ్చినది’, ‘బండి వచ్చినది’. కన్నడమున ‘అక్క బందళు’, ‘బండి బంతు’ అని వేరు. మా బడిలో తెలుగిండ్ల పిల్లలు మొదటి తరగతులలో ‘అక్క బంతు’ అనుటయు, మేము దిద్దుటయు నిత్యము జరిగెడిది. నాలుగు దినములలో పిల్లలు సర్దుకొనెడివారు. స్పానిషు ఇంకొక మెట్టు పైకెక్కి, వస్తువులకు గూడ స్త్రీపుంభేదము కల్పించినది. బల్ల స్త్రీ, పుస్తకము పురుషుడు. గని స్త్రీ, బంగారము పురుషుడు. ‘బల్ల ఏల ఆమె?’ అని పిల్ల యడిగినది. సంస్కృతమున భార్యను ‘దారాః’ అను పుంలింగ బహువచనముతోను, ‘కళత్రమ్’ అను నపుంసకముతోను చెప్పుట మన పెద్దలు ఎరిగినదే. శబ్దలింగము వేరు, వస్తులింగము వేరు. ‘తమ్, తామ్’ అను సంస్కృత రూపములను ‘లో, లా’ ప్రక్కన నిలుపుడు, పని అదియే.

‘మే, తే, నోస్, ఓస్’ అనునవి నన్ను, నిన్ను, మమ్ము, మిమ్ము అను అర్థముల స్పానిషు రూపములు. సంస్కృతమున ద్వితీయకు ‘మా, త్వా, నః, వః’ అను కురుచ రూపములున్నవి గదా. 1786లో సర్ విలియం జోన్సు కలకత్తాలో చేసిన ప్రసంగమున లాటిను, గ్రీకు, సంస్కృతములు ఒక మూలమునుండి పుట్టినవని చెప్పిన మాటకు ఈ చిన్న రూపములు ఇంటి సాక్షులు. మన సంస్కృత రూపములు వాక్యాదిని గాని పాదాదిని గాని రాగూడదని పాణినీయము శాసించినది. మధ్యయుగముల స్పానిషున గూడ ఇవి వాక్యాదిని రాకుండెడివి. నేటి స్పానిషున వాక్యాదిని రావచ్చును గాని, క్రియను విడిచి ఒంటిగా నిలువలేవు. ‘ఎవరిని చూచితివి?’ అని యడిగినచో మనము ‘ఆమెను’ అని ఊరకుందుము. స్పానిషున ‘లా’ అని ఊరకుండరాదు; ‘ఆ ఎయా’ అను నిండు రూపము కావలెను. మన ‘వాడే, వాడా, వాడో’ అను పదముల చివరి అచ్చులు ఎట్లు ఒంటిగా బ్రతుకలేవో, ఇవియు నట్లే. సామాన్యముగా క్రియకు ముందు నిలుచును: ‘లో బేఓ’, వానిని చూచుచున్నాను. ఆజ్ఞాపించునప్పుడు వెనుకకు పోయి అతుకుకొనును: ‘దామెలో’, అనగా దానిని నాకిమ్ము. ఆ ఒక్క మాటలో ‘ఇమ్ము, నాకు, దానిని’ అను మూడును కలవు. ఇది పిల్ల నోట తిరుగుటకు పది దినములు పట్టినది.

తెలుగును 1816లోనే ఫ్రాన్సిసు ఎల్లిసు సంస్కృత జన్యము కాదని, వేరు కుటుంబపు భాషయని నిరూపించినాడు. అందుచే ‘నన్ను’, ‘మే’ అనువానికి చుట్టరికము లేదు. చుట్టరికము లేని ఇంటిలోను మనవంటి అలవాట్లు కనబడుటయే నాకు ఎక్కువ ముచ్చట.

ఒకచోట మాత్రము తెలుగు చూపు సూక్ష్మత స్పానిషున లేదు. ‘పెండ్లికి మమ్ము పిలిచిరి’ అనినచో వినువాడు ఇంటనే యుండును. ‘మనలను పిలిచిరి’ అనినచో తానును మూట కట్టుకొనును. స్పానిషున రెంటికిని ‘నోస్ యమారోన్’. దీనికి తికమక పడవలసినవారము మేము కాము. నంగలి బిడ్డ కన్నడములోనికి అడుగుపెట్టిన దినముననే ఈ నష్టమునకు అలవాటు పడినది. కన్నడమున రెంటికిని ‘నమ్మన్ను’ ఒక్కటే. తమిళమున మరల ‘నమ్మై’, ‘ఎంగళై’ అని రెండున్నవి. ఒకే వీధిలో మూడు విధములు విన్న చెవికి నాలుగవ విధము భయము గొల్పదు.

పెద్దలను సంబోధించుటలోను పోలిక యున్నది. ‘ఉస్తెద్’ అను గౌరవపదము ‘తమ దయ’ వంటి పాత సంబోధనము అరిగి ఏర్పడినది. అందుచే ఎదుటనున్న గురువునైనను ‘లో’, ‘లా’ అని ప్రథమపురుష రూపముతోనే చెప్పుదురు. ‘తమరిని చూడ వచ్చితిని’ అను మనకు ఇది వింత గాదు. మన ‘తమరు’ గూడ ‘తాను, తాము’ అను ప్రథమపురుష పదముల సంతతియే గదా.

ఇంకొక ముడి కలదు. ‘వానికి దానిని’ అని రెండును కలిసినప్పుడు ‘లే లో’ అనరాదు. ‘సే లో’ అనవలెను. పిల్ల దీనిని ‘తనకు తాను’ అను అర్థపు ‘సే’ యని భ్రమించినది. ఇది వేరు ‘సే’. పాత స్పానిషున ‘జే లో’ వంటి రూపమొకటి యుండి, కాలక్రమమున పలుకుబడి మారి ‘సే లో’ అయినది. కారణము తెలిసిన మీదట కంఠస్థము చేయుట భారము కాదు.

స్పెయిను నడిబొడ్డుననున్న కాస్తీయ సీమలో చాలమంది ‘వానిని చూచితిని’ అనుటకు ‘లో బి’ అనక ‘లే బి’ అందురు. వ్యాకరణ సూత్రమునుబట్టి అది చతుర్థి. అయినను 1713లో స్థాపితమైన స్పానిషు అకాడమీ, పురుషుని గూర్చిన ఏకవచనమున ఆ వాడుకను అంగీకరించినది. వస్తువులకు, బహువచనమునకు దానిని మెచ్చలేదు. ఇది చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. రాజధాని చుట్టుపట్ల వారు సూత్రము దాటినచో అది వాడుక యగును. ఎల్లలలోని వారు ‘ఆయప్పను, ఆయమ్మను’ అనినచో అది అపభ్రంశ మగునా? ‘ఆయప్ప’ అను మాట ఏ సభలోను వినబడకున్నను, దాని చివరనున్న ‘ను’ నన్నయ నాటి ‘ను’ కారమే. కోలారు సీమ భాషల కలయికచే చెడలేదు. తమిళ మింటిభాషగా గల మాస్తి వెంకటేశ అయ్యంగారు ఈ జిల్లాలో పుట్టియే కన్నడమున కథలు వ్రాసి 1983లో జ్ఞానపీఠ పురస్కార మందిరి. ఇప్పుడు చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరిన కైవారమున యోగి నారేయణులు తెలుగునను కన్నడమునను పదములు పాడిరి. రెండు మూడు భాషలు ఒక నోట నుండుట ఇచ్చటి లోపము కాదు, ఇచ్చటి విద్య.

పిల్లకు చివరి పాఠముగా మా సీమ వాక్యమే యొకటి వ్రాసి పంపితిని. కోలారు బంగారు గనులలో 1880లో జాన్ టెయిలరు కంపెనీవారు పని ఆరంభించిరి. 1902లో శివసముద్రము నుండి విద్యుచ్ఛక్తి వచ్చినది. 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. పిల్ల ముత్తాత ఆ గనులలో మేస్త్రీ. ‘మేస్త్రీ’ యను మాటయే పోర్చుగీసు భాషనుండి మనకు వచ్చినది. స్పానిషున దాని తోబుట్టువు ‘మాయెస్త్రో’, అనగా గురువు. నేను వ్రాసిన వాక్యము: ‘లా మీనా లా సెర్రారోన్ ఎన్ 2001.’ గనిని 2001లో మూసివేసిరి. స్పానిషున కర్మపదమును వాక్యము ముందునకు తెచ్చినప్పుడు, క్రియ దగ్గర దానిని సర్వనామముతో మరల తలపవలెను. ‘గనిని, దానిని మూసివేసిరి’ అనినట్లు. తెలుగున ఆ రెండవ మాట అక్కరలేదు. పిల్ల దానిని చూచి ఒక ప్రశ్న వేసినది: ‘తాతా, మూసినవాళ్ళు ఎవరో ఇందులో లేదే, గని మాత్రం రెండుసార్లుందే?’ మూసినవారు రెండు భాషల వాక్యములలోను లేరు. అది రెండు భాషల సౌకర్యము. మూయబడినది మాత్రము స్పానిషున రెండుమారు లున్నది. ఈ ప్రశ్న వేయగలిగిన పిల్లకు కర్మపద మేమో తెలిసినదని నేను నిశ్చయించుకొంటిని.

పరీక్షలో ఎన్ని గుణములు వచ్చినవో నేను అడుగలేదు. ఆదివారములలో మాత్రము ఆ పిల్ల అవ్వకు ఫోను చేసి, వాక్యములు చెప్పించుకొని, ‘ఎవరిని? ఎవరికి? దేనిని?’ అని విడదీయుచున్నదని తమ్ముడు చెప్పినాడు. అవ్వకు ఇది వినోదము. ‘పిల్లను బడికి పంపితే బడి మా ఇంటికి వచ్చింది’ అని ఆమె అన్నదట. తల్లిదండ్రులు రాత్రి భోజనవేళ మరల తెలుగు మాటాడుచున్నారు. పగటి మాట ఇంకను ఇంగ్లీషే. అంతమాత్రమైనను మేలే.

ఈ సంచికను చదువు తల్లిదండ్రులకు నా మనవి యొక్కటియే. మీ బిడ్డ ఏ కొత్త భాష నేర్చినను, ఆ భాషలోని చిక్కును తెలుగు వాక్యము ప్రక్కన పెట్టి చూపుడు. ఎచ్చట కలియునో అచ్చట బిడ్డకు ధైర్యము కలుగును. ఎచ్చట విడిపోవునో అచ్చట జాగ్రత్త కలుగును. సంఘములవారు నడుపు తెలుగు తరగతులలో శతకములతోపాటు విభక్తులను గూడ ఇట్లు నేర్పవచ్చును. తెలుగు వలన వచ్చిన తప్పును దిద్దుటకు తెలుగును మానిపించుట, మెట్టు తగిలి బిడ్డ పడినదని మెట్లు పడగొట్టుట వంటిది. ఆ మెట్ల మీదుగనే బిడ్డ పైకి పోవలసియున్నది. అవ్వ దగ్గరకు దిగి రావలసినదియు ఆ మెట్ల మీదుగనే.